సముద్రం గదిలో తుప్పు

కార్తీకం, సోమవారం

తొట్టి నీళ్ళు పోసి మందు కలిపితే నైట్రేట్ గొట్టం ఇవాళ ఇంకా ఎర్రబడింది. పోయిన వారం గులాబీ రంగు, ఇప్పుడు దానిమ్మ గింజ రంగు. ఫాస్ఫేట్ గొట్టం మాత్రం మంచినీళ్ళలా ఉంది. నీళ్ళలో ఫాస్ఫేట్ ఉంటే ఆ గొట్టం నీలం తిరుగుతుంది. నేను ఈ పనిలో చేరిన రోజుల్లో అందులో సిరా పోసినట్టు ఉండేది. దాన్ని ఇంత తెల్లగా దించింది నేను. ఈ సొరంగంలో నేను గర్వంగా చెప్పుకోగలిగింది ఏదైనా ఉంటే అదొక్కటే.

ఒక మురికి పోయినప్పుడు రెండోది ఎందుకు పోదు? అదే నాకు పట్టుకున్న శని.

ఈ రోజువారీ రాత పెద్దల సభ రాయమన్నది. మాఘంలో గంగమ్మ పండగనాడు సభ కూర్చుని ఈ సముద్రం గదిని, అంటే ఈ పగడాల తొట్టిని, ఉంచాలో ఎండగట్టాలో తేలుస్తుందట. కొండవాగు సన్నబడింది. దాని మీద తిరిగే యంత్రం ఇచ్చే కరెంటూ సన్నబడింది. ఉన్న కాస్త కరెంటు నా పంపులకా, వరి పండించే వరిగదుల దీపాలకా అన్నది తగువు. బతికున్న పగడాలకైతే ఇస్తారట, చచ్చిన రాళ్ళకి ఇవ్వరట. నేను రాసిందంతా చదివే ఓపిక సభలో ఎవరికీ ఉండదు కాబట్టి నా నోటికొచ్చినట్టు రాస్తాను.

కార్తీకం, గురువారం

చేసిన పనులు రాయాలి కదా, రాస్తున్నాను. చేపల మేత సగానికి తగ్గించాను. చేపల విసర్జనే చివరికి నైట్రేట్ అవుతుంది, తినకపోతే విసర్జించవు. తొట్టిలో కొంత నీరు తీసేసి కొత్త ఉప్పునీళ్ళు కలిపాను. ఉప్పు ఇమ్మంటే ఉప్పుకొట్టువాడు నేనేదో వాడి పెళ్ళాం మెళ్ళో పుస్తెలు అడిగినట్టు ముఖం పెట్టాడు. తుప్పు సంచులు రెట్టింపు కట్టాను.

తుప్పు సంచి అంటే గుడ్డసంచిలో ఇనప తుప్పు పొడి పోసి నీళ్ళు పారే దారిలో వేలాడదీయడం. తుప్పు ఫాస్ఫేట్‌ని పట్టుకుంటే ఇక వదలదు. ప్రతి సోమవారం పాత సంచులు విప్పి, ఆ ఎర్రపొడి సొరంగం మూతి బయట కొండరాయి పక్కన పారబోస్తాను. గుడ్డల్ని ఎర్నమ్మ చాకలి సోడా నీళ్ళలో ఉతికి ఇస్తుంది. నన్ను అక్క వరసన అప్పా అని పిలుస్తుంది. మళ్ళీ కొత్త తుప్పు నింపి కడతాను. నాకు పని నేర్పినవాళ్ళు ఇలాగే చేశారు, వాళ్ళకి నేర్పినవాళ్ళూ ఇలాగే చేశారు. ఇన్ని సోమవారాల పొడి చేరి బయట నా ఎత్తు కుప్ప అయింది.

ఎర్నమ్మ ఇవాళ గుడ్డలు తెచ్చి దబ్బున పడేసింది.

"అప్పా, నీ సంచులు ఉతికిన కాడ తూము పొడుగునా నాచు పట్టీసింది. నిన్న కాలు జారిపోనాది. నడుం ఇరిగితే నీ పగడాలొచ్చి నాకు కూడొండుతాయేటి?"

"ఇసక జల్లుకోయే," అన్నాను.

పోయిన వానాకాలం సొరంగం జ్వరానికి కూతురు పైడి పోయాక ఎర్నమ్మ అంత పొడుగు మాట మాట్లాడటం ఇదే. అందుకని నేను విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే బాగుండేదేమో, ఇంకాసేపు పోట్లాడేది.

మార్గశిరం, మంగళవారం

మధ్యలో ఉన్న కొమ్ము పగడాలు పాలిపోతున్నాయి. చివర్లు తెల్లబడి ఆ తెలుపు కిందికి దిగుతోంది.

పగడం లోపల కంటికి కనబడనంత సన్నటి పాచి కాపురం ఉంటుంది. రంగు దానిదే. దీపం వెలుగు తాగి పగడానికి అన్నం వండిపెట్టేదీ అదే. దానికి ఒంట్లో బాగోకపోతే పగడం పస్తుంటుంది, పస్తుంటే తెల్లబడుతుంది. ఆ పాచికి ఏం తక్కువైందో నాకు తెలియడం లేదు. నీళ్ళ వేడి సరిగ్గానే ఉంది. ఉప్పు సరిగ్గానే ఉంది. దీపాలు వెలుగుతున్నాయి.

మా తాతల కాలంలో కింద సముద్రం కాగిపోయి ఒడ్డు వదిలి కొండెక్కినప్పుడు మనవాళ్ళు వలలు అక్కడే పారేసి, ఐసు పెట్టెల్లో ఈ పగడాలు మోసుకొచ్చారు. ఎప్పుడో రైళ్ళ కోసం తొలిచిన సొరంగం ఇది. ఇందులో ముందు కట్టుకున్నది ఇళ్ళు కాదు, ఈ తొట్టి. సముద్రం చల్లబడ్డ రోజున తీసుకెళ్ళి నాటాలని విత్తనంలా దాచారు. ఆ విత్తనం నా చేతుల్లో పుచ్చిపోతోంది.

మార్గశిరం, శనివారం

కల్లు పోశాను. నవ్వకండి, ఇది పాత పద్ధతే. నైట్రేట్‌ని తినే సూక్ష్మజీవులు ఇసకలో ఉంటాయి. పులిసిన జీలుగుకల్లు కొంచెం కొంచెంగా పోస్తే అవి పెరిగి నైట్రేట్‌ని తినేస్తాయి. రోజూ పోస్తున్నాను. నీళ్ళు మసకబారాయి, కంపు కొట్టాయి, మళ్ళీ తేరుకున్నాయి. నైట్రేట్ గొట్టం ఎరుపు కాస్తయినా తగ్గలేదు. కల్లు తాగి ఒక్కటీ పని చెయ్యలేదు. ఈ సొరంగంలో మగాళ్ళని చూసి నేర్చుకున్నాయి కాబోలు.

చేపల్ని కూడా సగం తీసి వంటశాలకి ఇచ్చేశాను. పసుపు చారల చేప నా వేలు గుర్తుపట్టి పైకి వచ్చేది. దాన్ని తీస్తుంటే మేతనుకుని వచ్చింది. ఆ పూట నేను భోజనానికి వెళ్ళలేదు.

మార్గశిరం, ఆదివారం

ఎల్లాజీ వచ్చాడు. వరిగదుల పెద్ద. నా మొగుడి తమ్ముడు కూడా. తొట్టి చుట్టూ తిరిగి చూసి, మెట్ల మీద కూర్చున్నాడు.

"తెల్లబోతన్నాయి వదినా."

"నాకు కళ్ళున్నాయి."

"కోప్పడకు. వరిగదుల్లో రెండు వరసల దీపాలు ఆర్పీసినాను. ఎరువూ లేదు, ఎలుగూ లేదు. పిల్లలకి గంజి పలచనైపోనాది. సభలో నానేటి సెప్పాల? మా వదిన రాళ్ళకి కరెంటు ఇయ్యండి అని సెప్పాలా?"

"పండగదాకా ఆగమను."

"ఆగుతారు. ఆ తరవాత ఆగరు."

అతన్ని తిట్టుకోవాలని ఉంది కానీ తిట్టడానికి ఏమీ దొరకలేదు. అతని చెంపలు నా చెంపలకంటే లోపలికి పోయాయి. వెళ్ళేటప్పుడు అన్న కలిసిన చోట నీళ్ళు వేలితో తాకి కళ్ళకి అద్దుకున్నాడు.

ఆ సంగతి రాయాలి. ఇంట్లో ఎవరైనా పోతే బూడిద తెచ్చి ఈ తొట్టిలో కలపడం మనవాళ్ళ ఆచారంగా ఉండేది. మనకి మిగిలిన గంగమ్మ ఇదే కదా. తర్వాత గనుల్లో తవ్వే ఎరువు ఎక్కడి నుంచీ రావడం ఆగిపోయింది. మనిషి ఎముకలో ఉన్నదీ ఎరువే కాబట్టి బూడిదంతా వరిగదులకే ఇవ్వాలని సభ తీర్మానించింది. దాచుకున్నవాళ్ళకి వంటశాలలో గంజి ఇప్పించే వరి చీటీ రద్దు. అప్పటికి నా మొగుడు కొర్లయ్య మంచం మీద ఉన్నాడు. "నన్ను ఆ మళ్ళలో కలపొద్దు. గంగలోనే కలుపు," అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఎల్లాజీ సభలో అందరి కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాడు. అలా ఈ నీళ్ళలో కలిసిన చివరి మనిషి కొర్లయ్య.

అన్నం చాలలేదని బతికినన్నాళ్ళూ గొణిగిన మనిషికి వరి మీద అంత కోపం దేనికో నేను అడగలేదు. ఈ తొట్టి ఎండగడితే ఆయన తూములో పడి పోతాడు. సభకి ఇది కరెంటు తగువు. నాకు ఇది నా మొగుడి సంగతి.

పుష్యం, బుధవారం

కొమ్ము పగడాలు పూర్తిగా తెల్లబడ్డాయి. మెదడు పగడాలు సగం. నైట్రేట్ గొట్టం అలాగే ఉంది. ఫాస్ఫేట్ తెలుపు.

ఒక వింత. మెట్ల పక్క మూలలో అరచేయంత ఆకు పగడం ఒకటి తేనెరంగులో నిగనిగలాడుతోంది. అంచున కొత్త పెరుగుదల కూడా ఉంది. నిజానికి ఆ మూల నీటి పారుదల తక్కువ, వెలుగూ తక్కువ. ముందుగా చావాల్సింది అదే. అక్కడి నీళ్ళు తీసి పరీక్షించాను. మిగతా చోట్ల ఉన్నట్టే ఉన్నాయి.

పుష్యం, శుక్రవారం

మధ్యాహ్నం పూట కరెంటు వంటశాలకి పోతుంది, నా పంపులు ఆగిపోతాయి. ఆ కాసేపు నీళ్ళు కదలవు. నేను భోజనానికి వెళ్ళే వేళ అది. ఇవాళ వరి చీటీ మర్చిపోయి సగం దారిలో వెనక్కి వచ్చాను.

మెట్ల మీద ఎర్నమ్మ వంగి ఉంది. కొంగుముడి విప్పి, అందులోంచి చిటికెడు ఏదో తీసి, ఆ ఆకు పగడం మీద మెల్లగా రాలుస్తోంది. కూరలో ఉప్పు వేసినట్టు. నీళ్ళు కదలడం లేదు కనుక పొడి నిటారుగా దిగి పగడం మీదే వాలింది.

"ఏటే అది?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడలేదు. ముడి వేసుకుంది.

"పైడి," అంది.

నేను పక్క మెట్టు మీద కూర్చున్నాను.

"బూడిద కుండంతా ఎల్లాజీ బావుకి ఇచ్చీలేదు అప్పా. గుప్పెడు దాసుకున్నాను. ఆ పిల్లగుంటకి సీకటంటే బయ్యం. మళ్ళలో బురదలో ఎలాగ పడుకుంటాది? నీ నీళ్ళల్లో అయితే దీపాలుంటాయి." నాకేసి తిరిగి, "సెప్పేస్తావేటి?" అని అడిగింది.

నిబంధన ప్రకారం చెప్పాలి. నీళ్ళు పాడుచేసినందుకు నేనే చెంప పగలగొట్టాలి. ఇన్నేళ్ళుగా నేను కడిగి కడిగి తెల్లగా చేసిన నీళ్ళవి. కానీ నా కళ్ళు ఆ పగడం మీదే ఉన్నాయి. తొట్టి మొత్తం మీద బతికున్నది, నేను మురికి అనుకునేది పడుతున్న చోటే ఉంది.

"ఒక్క చిటికెడు నాకియ్యి," అన్నాను.

ఆమె మళ్ళీ కొంగుముడి విప్పింది. చిటికెడు నా అరచేతిలో వేసింది.

పుష్యం, శనివారం

చిటికెడు బూడిదని పులిసిన కల్లులో వేసి కరిగించి, వడకట్టి, ఫాస్ఫేట్ మందు కలిపాను. గొట్టం ముదురు నీలం తిరిగింది. నేను చేరిన రోజుల్లో ఉన్న నీలం. ఎముకలో ఉన్న ఎరువంటే ఈ ఫాస్ఫేటే.

ఇప్పుడు అర్థమైంది. ఎంత మొద్దునో కూడా అర్థమైంది. పగడంలోని పాచికైనా, ఇసకలోని సూక్ష్మజీవులకైనా రెండూ కావాలి. నైట్రేట్ అన్నమైతే ఫాస్ఫేట్ ఉప్పు. ఉప్పు కొంచెమే కావాలి, కానీ అసలు లేకపోతే కుండెడు అన్నం ముందున్నా ముద్ద దిగదు. నైట్రేట్ తినేవాళ్ళు లేక నైట్రేట్ పేరుకుపోయింది. నేను చూస్తే కల్లు పోస్తున్నాను, మేత తగ్గిస్తున్నాను. ఆ మేతతో వచ్చే కాస్త ఫాస్ఫేట్ కూడా రానివ్వకుండా సంచులు రెట్టింపు కడుతున్నాను.

అందరూ బూడిద కలిపే రోజుల్లో ఫాస్ఫేట్ ఎక్కువై నాచు కమ్మేసేది. అందుకే తుప్పు సంచులు పెట్టారు. బూడిద ఆగిపోయింది. సంచులు ఆపమని ఎవరూ చెప్పలేదు, ఎవరికీ తోచలేదు. సోమవారం వచ్చింది కదా అని కట్టాను. గొట్టం తెల్లగా ఉంది కదా అని సంతోషించాను.

సంచులన్నీ విప్పేశాను. విప్పాక ఇంకో మాట తట్టింది. తుప్పు పట్టుకున్నది వదలదు. బూడిదలో కరిగినదంతా నీళ్ళలోంచి తుప్పులోకే పోయింది. కొర్లయ్య ఈ నీళ్ళలో లేడు. ఎప్పటి నుంచో లేడు. ఆయన్ని నేనే వారం వారం పట్టి, బయట కుప్పలో పారబోసి, తిరిగొచ్చి ఖాళీ నీళ్ళతో కబుర్లు చెప్పాను.

ఇవాళ్టికి ఇంతే. రాయలేను.

పుష్యం, సోమవారం

పొద్దున కట్టడానికి సంచులు లేక చేతులు ఊరికే ఉన్నాయి. ఎర్నమ్మ దగ్గర ఉతికే తూము చూద్దామని వెళ్ళాను. కాలు జారుతోందని ఆమె తిట్టిన నాచు అదే. సొరంగమంతటిలో రాయి మీద పచ్చదనం ఉన్నది అక్కడొక్కటే. నా సంచుల గుడ్డలు ఉతికిన సోడా నీళ్ళు పోయే దారి పొడుగునా ఉంది.

ఒక సంచెడు పాత తుప్పు తెచ్చి సోడా నీళ్ళలో నానబెట్టాను. పైకి తేరిన నీటిలో పులిసిన కల్లు పోసి ఘాటు విరిచి పరీక్షించాను. నీలం. తుప్పు వదిలింది. సోడా నీళ్ళకి వదిలింది.

అంటే కుప్పంతా ఉంది. మా తాతలు, కొర్లయ్య, ఈ సొరంగంలో పోయినవాళ్ళందరూ. నా ఎత్తున, వానకి తడుస్తూ. పొదుపుగా కరిగించి పోస్తే ఈ పగడాలకి తరాలపాటు సరిపోతుంది. ఎవరికీ చెప్పను. చెబితే వరిగదులవాళ్ళు పారలతో వస్తారు. ఎర్నమ్మకి మాత్రం చెప్పాను.

"అయితే కొర్లయ్య బావ అక్కడున్నాడా?" అని నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఉన్నాడు. రాతి పక్కన, మధ్య పొరలో. నెమ్మదిగా అక్కడిదాకా తవ్వి తెచ్చుకుంటాను."

పైడి గురించి ఆమె అడగలేదు, నేనే చెప్పాను. పగడం మీద వాలి మిగిలినదాన్ని పంపులు తిరగగానే నీళ్ళు లాక్కుని, సంచులు పట్టేసుంటాయి. ఆ సంచుల పొడి కుప్ప పై అంచున, కొత్తగా పోసిన చోట ఉంటుంది. ఎర్నమ్మ వెళ్ళి ఆ అంచు మీద గోనెపట్టా కప్పి వచ్చింది. వానకి తడవకుండా.

మాఘం, గురువారం

రోజూ గిన్నెడు పోస్తున్నాను. తొందరపడితే నాచు వస్తుంది. నైట్రేట్ గొట్టం ఒక ఛాయ తగ్గింది. నాకే అలా కనిపిస్తోందేమోనని ఎర్నమ్మకి చూపించాను. తగ్గిందనే అంది. కొమ్ము పగడాలు ఇక లేవు. మెదడు పగడాల్లో కొన్నిటి మడతల్లో రంగు తిరిగినట్టుంది.

మాఘం, గంగమ్మ పండగ

సభ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు తొట్టిలో పసుపు కుంకుమ వేయకుండా గట్టు మీదే పెట్టించి పూజ చేయించాను. తర్వాత అందరూ మెట్ల మీదే కూర్చున్నారు. నైట్రేట్ గొట్టాలు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించాను. సంచులు ఆపినందుకే తగ్గిందని చెప్పాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. తలలు ఊపారు. ఇంకో ఏడాది ఇద్దామా అన్నట్టే ఉన్నారు.

ఎల్లాజీ లేచి తొట్టి దగ్గరికి వెళ్ళాడు. అతను చెడ్డవాడు కాదు. చూసింది అడగకుండా ఉండలేడు, అంతే.

"అన్నీ తెల్లబోనాయి కదా వదినా. ఈ మూలనున్నదొక్కటీ మొదట్నుంచీ ఇంత ఏపుగా ఎలాగున్నాది?"

అక్కడ నీడ బాగుంటుందని చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా వెనక నుంచి ఎర్నమ్మ లేచింది.

"నా గుంట బూడిదేసినాను. రోజూ ఏసినాను. అయిపోనాది, ఇంక లేదు. ఏటి సేసుకుంటారో సేసుకోండి."

అందరూ ఒక్కసారి మాట్లాడారు. తమ పిల్లల బూడిద తమ చేత్తో వరిగదికి ఇచ్చిన తల్లులు ఆ సభలో ఉన్నారు. వాళ్ళ కోపం చూసి నాకు భయం వేసింది. వాళ్ళ కోపంలో తప్పు కూడా లేదు. ఎల్లాజీ తల వంచుకుని నిబంధన చదివాడు. వరి చీటీ రద్దు. చీటీ లేని మనిషికి ఈ సొరంగంలో గంజి పుట్టదు, బయట పెట్టే మనిషే లేడు. ఎర్నమ్మ చీటీ తీసి మెట్టు మీద పెట్టేసింది.

నేను నోరు మూసుకుని ఉంటే సముద్రం గది నాకు మిగిలేది, కుప్ప మిగిలేది, కొర్లయ్య మిగిలేవాడు.

"ఆ చీటీ దానికిచ్చీండి," అన్నాను. "గుప్పెడు ఎరువుకి బదులు మీకు కొండంత ఎరువు సూపిస్తాను."

చెప్పేశాను. తుప్పు, సోడా నీళ్ళు, నాచు, అన్నీ. నమ్మనివాళ్ళ ముందు గొట్టం పెట్టి నీలం చూపించాను. బేరమూ నేనే ఆడాను. కుప్ప వరిగదులకి. ఎర్నమ్మ చీటీ ఎర్నమ్మకి. పంపుల కరెంటు పంపులకి. పగడాలకి ఒక్క డ్రమ్ము తుప్పు. పెద్దవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుని ఒప్పుకున్నారు.

ఎల్లాజీ అందరూ వెళ్ళేదాకా ఆగాడు.

"అన్న అందులో ఉన్నాడా వదినా?"

"ఉన్నాడు."

"నీకు తెలిసే ఇచ్చీసినావా?"

తల ఊపాను. అతను ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మొగుడు పోయిననాడు కూడా అతని ఎదుట ఏడవలేదు.

మాఘం, శనివారం

పారలు వచ్చాయి. ఎల్లాజీ వాళ్ళని ఆపి, ఖాళీ డ్రమ్ము నా ముందు పెట్టించాడు.

"ముందు నువ్వు తీసుకో. అన్న ఏ పక్కనున్నాడో సెప్పు, అక్కడిదాకా తవ్విస్తాను. ఎంతసేపైనా పరవాలేదు."

కొండరాయి పక్కన కుప్ప మధ్య పొర చూశాను. వానలకి గట్టిపడి నల్లబడి ఉంది. ఆయన ఉన్న చోటు నాకు తెలుసు. ఆయన పోయిన వారం సంచులు విప్పినప్పుడు పొడి పోసింది నేనే. ఎర్నమ్మ కాస్త దూరంలో నిలబడింది. గోనెపట్టా వైపు చూడలేదు, నన్నూ చూడలేదు. నేలకేసి చూస్తోంది. అడగకూడదని నిర్ణయించుకున్న మనిషిలా ఉంది.

గోనెపట్టా తీసి, ఆ అంచు నుంచే డ్రమ్ము నింపించాను.

"అది కొత్తది కదా వదినా," అన్నాడు ఎల్లాజీ. తర్వాత ఎర్నమ్మని చూసి ఊరుకున్నాడు.

కొర్లయ్య నాతో కాపురం చేశాడు, తిట్టాడు, తిట్లు తిన్నాడు, ముసలివాడై పోయాడు. ఆ పిల్ల పాలపళ్ళు కూడా పూర్తిగా ఊడకుండా పోయింది. చీకటంటే భయమట. ఒట్టు వేసింది నేను, తప్పింది నేను. ఆయన ఎక్కడున్నా నన్నే తిట్టుకోవాలి. మిగతా కుప్పని బండ్ల మీద వేసుకుని వరిగదుల వైపు తీసుకెళ్ళారు. చివరి బండి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

ఫాల్గుణం, సోమవారం

నైట్రేట్ లేత గులాబీ. ఫాస్ఫేట్ గొట్టంలో ఉందో లేదో అన్నంత నీలం. అంతే కావాలి. అంతకంటే ఎక్కువైతే ఒక్క సంచి కడతాను, తక్కువైతే ఇంకో గిన్నె పోస్తాను. నేను ఇన్నాళ్ళూ చేసిన శుభ్రానికి చచ్చినవి చచ్చాయి, తొట్టిలో సగం పైన ఎముకల్లా నిలబడి ఉన్నాయి. ఆకు పగడాన్ని చిన్న ముక్కలు కోసి వాటి మీద నాటుతున్నాను. ఎర్నమ్మ మధ్యాహ్నాలు మెట్ల మీద కూర్చుంటోంది. కొంగులో ఏమీ లేదు. ఊరికే నీళ్ళలోకి చూస్తుంది.

జ్యేష్ఠం, ఆదివారం

వరిగదుల్లో కోత అయింది. ఎన్నో ఏళ్ళుగా లేని పంట అని చెప్పుకుంటున్నారు. ఇవాళ అందరికీ గంజి కాదు, అన్నం పెట్టారు. నాకు ఎల్లాజీ స్వయంగా తెచ్చాడు. మూత తీసి, మెట్టు మీద పెట్టి వెళ్ళాడు.

వేడి అన్నం. పొగలు వస్తున్నాయి. పక్కన ఎండబెట్టిన వాగు చేపలు రెండు. కొర్లయ్యకి అలాగే ఇష్టం.

చాలాసేపు ముట్టుకోలేకపోయాను. మళ్ళలో కలపొద్దు అన్న మనిషి. నా చెయ్యి పట్టుకుని అన్న మనిషి. ఎర్నమ్మ తన అన్నం తెచ్చుకుని పక్కన కూర్చుంది. ఆమె కూడా ముట్టలేదు. తొట్టిలో పంపులు తిరుగుతున్నాయి. ఆకు పగడం ముక్కలు రాళ్ళని పట్టుకుని అంచులు చాస్తున్నాయి.

"తినప్పా, సల్లారిపోతది," అంది చివరికి. "బావకి సల్లారిన కూడంటే కోపం కదా."

కలుపుకున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చాను, రెండో ముద్ద కూడా ఏడుస్తూనే తిన్నాను. అన్నం చాలలేదని బతికినన్నాళ్ళూ గొణిగావు కదయ్యా, ఇదిగో, ఇవాళ సొరంగమంతా కడుపునిండా తింటోంది. కింద పడ్డ మెతుకుని కూడా ఏరుకుని తిన్నాను.